పది మీటర్ల ఇల్లు

గల్ఫ్ నుంచి ఏదైనా రాసి పంపమని సంపాదకులు అడిగి చాలా కాలమైంది. ఎత్తైన భవనాల గురించి రాస్తే మీరు టీవీలో చూసిందే మళ్ళీ చెప్పినట్టవుతుంది. అందుకని సముద్రం వైపు నుంచి రాస్తున్నాను. 2025 మార్చి చివర, బడి సెలవుల్లో, నేనూ మా ఆయనా అబుధాబి నుంచి రాస్ అల్ ఖైమా వరకు తీరం వెంట పడవలో వెళ్ళి వచ్చాం. మొత్తం పద్నాలుగు రోజులు. ఈ వ్యాసం ఆ పద్నాలుగు రోజుల కాపురం గురించి.

ముందు పటం తీసి చూడండి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఏడు ఎమిరేట్లు ఉన్నాయి. అందులో ఆరింటికి గల్ఫ్ సముద్రం వైపు తీరం ఉంది. ఫుజైరా ఒక్కటే కొండలకు అవతల, ఒమాన్ సింధుశాఖ వైపు ఉంది. అబుధాబి నుంచి ఈశాన్యంగా వెళితే వరసగా దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ కువైన్, రాస్ అల్ ఖైమా వస్తాయి. గీత గీసి కొలిస్తే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కారులో పొద్దున బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి చేరవచ్చు. తెరచాప పడవలో, రోజుకు కొంచెం కొంచెంగా, మాకు తొమ్మిది రోజులు పట్టింది.

పడవ మాది కాదు. నాతో పనిచేసే ఒక టీచరు, ఆమె భర్త సెలవులకు స్వదేశం వెళ్తూ మాకిచ్చారు. పది మీటర్ల పొడవు. లోపల ఒక మంచం, ఒక బల్ల, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, చేతిపంపుతో నడిచే మరుగుదొడ్డి. నిలబడితే నా తల పైకప్పుకు తగలదు, ఆయన తల తగులుతుంది. మూడో రోజుకు ఆయన నుదుటి మీద రెండు బొప్పులు.

మా ఆయనకు సముద్రం కొత్త కాదు. డర్బన్‌లో ఒప్పంద కూలి గడువు తీరాక మనవాళ్ళలో కొందరు చెరుకు తోటలు వదిలి అఖాతంలో వలలు వేసి బతికారని మీరు విని ఉంటారు. ఆయన తాతలు ఆ వలల వాళ్ళే. ఆయన రేవులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నేను ఆరేళ్ళ కిందట ఇక్కడి బడిలో ఉద్యోగానికి వచ్చాను. దక్షిణాఫ్రికా టీచర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు; జీతం బాగుంటుంది, ఇల్లు ఇస్తారు. అమ్మాయి చదువు అప్పు తీర్చడానికి రెండేళ్ళు అనుకున్నది ఆరేళ్ళయింది. ఆయన చాట్స్‌వర్త్‌లో, ఎనభై ఎనిమిదేళ్ళ మా అత్తగారి దగ్గర. ఏడాదికి ఒకసారి నేను వెళ్ళేదాన్ని, ఒకసారి ఆయన వచ్చేవారు. మిగతా కాపురమంతా ఫోన్‌లోనే. ఇప్పుడు మరో రెండేళ్ళ ఒప్పందం కాగితం నా చేతికి వచ్చింది. ఏప్రిల్ ఆఖరుకు జవాబు చెప్పాలి. ఆ కాగితం కూడా మాతో పాటు పడవ ఎక్కింది.

మనం వారసత్వంగా మోస్తున్న మాట ఒకటి ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఇంగ్లీషు అగ్రిమెంటు మన పెద్దల నోట గిరిమిట్ అయింది. దాన్ని తెలుగులో ఒప్పందం అంటాం. నా బడి కాగితం తెలుగులోకి మారిస్తే దాని పేరూ అదే. అంతకు మించి పోలిక లాగను. నాది ఏసీ గది, వాళ్ళది చెరుకు తోట.

ఇక రోజు ఎలా గడిచేదో చెబుతాను. తెల్లవారుజామున ఒడ్డు మసీదుల నుంచి అజాన్ వినిపిస్తుంది. ఒకటి మొదలుపెట్టగానే రెండోది, మూడోది అందుకుంటాయి. నీటి మీద ఆ శబ్దం చాలా దూరం వస్తుంది. ఆయన లేచి లంగరు చూస్తారు. రాత్రి గాలికి పడవ జరిగిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. నేను కాఫీ పెడతాను. వెలుతురు రాగానే లంగరు ఎత్తి కదులుతాం. రెండు గంటలు ఆయన చుక్కాని పట్టుకుంటే రెండు గంటలు నేను. పదకొండు దాటాక ఎండ పెరుగుతుంది. మార్చిలో ముప్పై డిగ్రీలంటే ఇక్కడివాళ్ళు చల్లగా ఉందంటారు. నీడ లేని పడవలో అది చల్లదనం కాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది. మూడింటికల్లా ఏదో ఒక చోట ఆగుతాం. అన్నం, పప్పు, దొరికితే చేప. చీకటి పడ్డాక ఎనిమిదింటికే నిద్ర.

ఈ గల్ఫ్ లోతు తక్కువ, సగటున 35 మీటర్ల చుట్టూ ఉంటుంది. డర్బన్ బయటి సముద్రంలా పెద్ద పెద్ద అలలు దూరం నుంచి రావు. కానీ గాలి వస్తే పొట్టి అలలు దగ్గర దగ్గరగా లేచి పడవను కుదిపేస్తాయి. వాయవ్యం నుంచి వీచే ఆ గాలిని ఇక్కడ షమాల్ అంటారు. ఐదో రోజు షమాల్ లేచింది. ఆకాశం, నీరు, ఒడ్డు అన్నీ ఒకే దుమ్ము రంగు. మేం రేవులోనే కట్టుకుని కూర్చున్నాం. పళ్ళ మధ్య ఇసుక.

నీటి సంగతి విడిగా చెప్పాలి. ట్యాంకులో మూడు వందల లీటర్లు పడతాయి. ఇద్దరికీ కలిపి రోజుకు పదిహేను లీటర్లు అని లెక్క పెట్టుకున్నాం. తాగడానికి, వంటకు, చివర ఒక చెంబుడు ఒంటి మీద పోసుకోవడానికి. గిన్నెలు ఉప్పునీటితో తోమి, మంచినీటిలో ముంచిన గుడ్డతో తుడవాలి. బట్టలు ఉప్పునీటిలో ఉతికితే ఎండినా తడిగానే ఉంటాయి. ఈ దేశంలో కుళాయి తిప్పితే వచ్చే మంచినీరు చాలావరకు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి చేసిందే. తీరం వెంట వెళుతుంటే ఆ కర్మాగారాల పొగగొట్టాలు కనిపిస్తాయి. చుట్టూ ఉన్నదంతా నీళ్ళే, మన లెక్క మాత్రం చెంబులతో.

మా తగాదాలు కూడా నీటి దగ్గరే మొదలయ్యాయి. నేను గిన్నె కడిగే పద్ధతి ఆయనకు వృథా. ఆయన టీ కప్పు ఎక్కడ తాగితే అక్కడే పెట్టడం నాకు చిరాకు. ఇంట్లో అయితే ఒకరు ఇంకో గదిలోకి వెళ్ళిపోవచ్చు. పడవలో ఇంకో గది లేదు. ఒకరు ముందు కూర్చుంటే ఒకరు వెనక కూర్చోవాలి, అంతే. నాలుగో రోజు దాదాపు మాటలు లేకుండా గడిచింది. ఆరేళ్ళు ఫోన్‌లో మాట్లాడుకున్నవాళ్ళకు ఎదురెదురుగా ఊరుకోవడం ఎలాగో మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది.

ఒక నియమం పెట్టుకున్నాం. పొద్దున కాఫీ నుంచి మధ్యాహ్నం వరకు తెలుగే మాట్లాడాలి. ఆయనకు తెలుగు వింటే అర్థమవుతుంది, నోరు తిరగదు. "టీచరమ్మా, నీళ్ళు అయిపోయింది" అంటారు. అయిపోయాయి అని దిద్దితే, "ఒక చెంబే ఉంది కదా, ఒకటికి అయిపోయింది చాలు" అంటారు. నా తెలుగూ గుడిలో ఆదివారం తరగతుల్లో నేర్చుకున్నదే. అక్కడ మాకు పడవ, ఓడ అనే రెండు మాటలే చెప్పారు. మీకూ అంతే చెప్పి ఉంటారు. అందుకని ఇవి రాసుకోండి. తెరచాప గాలిని పట్టే గుడ్డ. చుక్కాని పడవను తిప్పేది. మోకు లావుపాటి తాడు. నీరు తీరం మీదికి ఎక్కితే పోటు, వెనక్కి తీస్తే ఆటు. రెండూ కలిపి ఆటుపోట్లు. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఆ మాట పర్షియన్ నుంచి వచ్చింది, లంగరు కూడా అంతే. గల్ఫ్ నావికుల మాటలు మన తీరానికి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డాయన్నమాట.

అబుధాబి వదిలే ముందు మడ అడవుల మధ్య నుంచి వచ్చాం. ఉప్పునీటిలో నిలిచే ఈ చెట్లను తెలుగులో మడ చెట్లంటారు. బురదలో నుంచి వేళ్ళు పెన్సిళ్ళలా పైకి పొడుచుకు వస్తాయి. ఇక్కడ పెరిగే రకం కాకినాడ పక్కన కోరంగిలో కూడా పెరుగుతుంది. కోరంగి పేరు మారిషస్ చదువరులకు కొత్త కాదు. వాళ్ళ ముత్తాతలు చాలామంది ఆ రేవు నుంచే ఓడ ఎక్కారు, ఆ పేరే అక్కడ తెలుగువాళ్ళకు పేరైంది. 1839 తుపాను కోరంగి రేవును ధ్వంసం చేసింది. నేను కోరంగి చూడలేదు. ఆ చెట్టు ఆకు మాత్రం ఇక్కడ నాకి చూశాను. ఉప్పగా ఉంది, చెట్టు తనకు అక్కర్లేని ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది.

దుబాయ్‌లో పడవను మెరీనాలో కట్టి, మెట్రో ఎక్కి పాత రేవుకు వెళ్ళాం. దాన్ని క్రీక్ అంటారు, లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఒక దిర్హమ్ ఇస్తే చిన్న పడవలో అవతలి ఒడ్డుకు దించుతారు. డేరా వైపు చెక్క ఓడలు వరసగా కట్టి ఉంటాయి. వాటి మీదికి ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు ఎక్కిస్తుంటారు. ఈ ఓడలకు ఇంగ్లీషువాళ్ళు ధో అని ఒకే పేరు పెట్టారు. ఇక్కడివాళ్ళకు ఆకారాన్ని బట్టి సంబూక్, బూమ్, జల్బూత్ అని వేరు వేరు పేర్లు. ఇక్కడ పెద్ద చెట్లు లేవు కాబట్టి పూర్వం వీటికి టేకు కలప మలబారు నుంచి వచ్చేది. 1966 దాకా ఈ తీరంలో చెల్లిన డబ్బు కూడా రూపాయే.

అజ్మాన్‌లో పడవలు బాగుచేసే చోట ఒక తెలుగు అబ్బాయి కనిపించాడు. పడవ అడుగుకు రంగు వేస్తున్నాడు. మేము పొద్దుటి నియమం ప్రకారం తెలుగులో వాదించుకుంటుంటే విని తల ఎత్తాడు.

"ఎక్కడోళ్ళండి మీరు? మాట తెలుగే గానీ అదో రకంగా ఉందండి."

డర్బన్ అని చెప్పాను. మా పెద్దలు నూట యాభై ఏళ్ళ కిందట వెళ్ళారని చెప్పాను. అతనిది అంతర్వేది దగ్గర. భార్య, ఒక పాప ఊళ్ళో ఉన్నారు. మూడేళ్ళుగా ఫోన్‌లోనే చూస్తున్నాడు. పాప అతన్ని తెర మీద చూసి ఫోన్‌కు ముద్దు పెడుతుందట. మా ఆయన వీసాకు ఎంతయిందని నన్ను అడిగాడు. ఊరికే అడిగిన ప్రశ్న కాదది. 2019 నుంచి ఇక్కడి నియమం ప్రకారం నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం ఉంటే, లేదా 3,000 జీతంతో పాటు ఇల్లు ఉంటే, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. అతని జీతం ఆ గీతకు చాలా కింద ఉంది. తెలంగాణ పల్లెల నుంచీ కోనసీమ నుంచీ వచ్చి ఇక్కడ పనిచేసే వేలమందికి అదే సంగతి. నేను ఇష్టపడి దూరంగా ఉన్నాను. అతనికి ఇష్టాయిష్టాలతో పనిలేదు.

"ఎల్లుండి ఉగాది కదండి, మీకు తెలుసాండి?" అన్నాడు. తెలుసన్నాను. మర్నాడు మేం బయలుదేరే ముందు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చిచ్చాడు. నిండా వేపపూత. ఈ దేశంలో రోడ్ల పక్కన వేపచెట్లు విస్తారంగా నాటారు. యార్డు వెనక ఒకటి పూసిందట.

ఈసారి మార్చి 30న ఒక వింత జరిగింది. మన ఉగాది, విశ్వావసు నామ సంవత్సరం, ఆ రోజే. 29 రాత్రి నెలవంక కనబడిందని ప్రకటన రావడంతో ఈద్ కూడా ఆ రోజే. రెండు పండుగలూ అమావాస్య వెనకే వస్తాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు కలుస్తాయి. మేం ఉమ్ అల్ కువైన్ దగ్గర ఉన్నాం. అక్కడి కయ్య లోతు చాలా తక్కువ. అమావాస్యకు పోటు బాగా ఎక్కుతుంది. ఆ పోటు చూసుకునే లోపలికి వెళ్ళి లంగరు వేశాం. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ పోటుకే బయటికి రావాలి. మధ్యలో ఆటుకు నీరు తీసేస్తే చుట్టూ ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. కొంగలు వాటి మీద నడుస్తున్నాయి.

అంతకుముందు రంజాన్ రోజుల్లో ప్రతి సాయంత్రం ఎక్కడ ఆగితే అక్కడ ఎవరో ఒకరు ఖర్జూరాలు ఇచ్చేవారు. రేవు కాపలాదారు అయినా, వల బాగుచేసుకునే ముసలాయన అయినా, ఉపవాసం విడిచే వేళకు పక్కన ఉన్నవాణ్ణి వదిలేసి తినరు. ఈద్ పొద్దున మేము కూడా పక్కన లంగరేసిన చేపల పడవకు పచ్చడి గిన్నె పంపాం. చింతపండు, మామిడికాయ అజ్మాన్ లులులో కొన్నవి, బెల్లం డర్బన్ నుంచి ఆయన తెచ్చింది. ఆ పడవవాళ్ళు బంగ్లాదేశ్ వాళ్ళు. ఒకతను చెంచాతో నోట్లో పెట్టుకుని, వేపపూత తగలగానే మా వైపు చూసిన చూపు మీరు చూడాలి. అయినా గిన్నె ఖాళీ చేసి, అందులో రెండు షేరీ చేపలు వేసి తిరిగి ఇచ్చారు.

లులు అంటే అరబ్బీలో ముత్యం. వారం వారం ఉల్లిపాయలు కొనే దుకాణం పేరు అదని ఇక్కడ చాలామందికి పట్టదు. ఈ తీరం ఒకప్పుడు ముత్యాల మీదే బతికింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మగవాళ్ళు పడవల్లో వెళ్ళిపోయేవారు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడకు బుట్ట. ఒక్క ఊపిరితో అడుగుకు దిగి ఆల్చిప్పలు ఏరి తాడు లాగితే పైనున్నవాడు పైకి లాగేవాడు. పగలంతా కాఫీ, ఖర్జూరం. రాత్రి అన్నం, చేప. కడుపు నిండితే మునగలేరని పగలు తిననిచ్చేవారు కాదు. బయలుదేరేముందు పడవ పెద్ద ఇచ్చే అడ్వాన్సే ఇంటి ఖర్చు. సీజన్‌లో ముత్యాలు సరిగా దొరక్కపోతే అది అప్పుగా నిలిచేది, తండ్రి పోతే కొడుకు మీద పడేది. జపాన్ పెంపకపు ముత్యాలు, 1929 తర్వాత వచ్చిన మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని ముంచేశాయి.

పుస్తకాలు మునిగేవాళ్ళ గురించి రాస్తాయి. నాకు ఆ నాలుగు నెలలు ఒడ్డున ఉన్న ఆడవాళ్ళ గురించి తెలుసుకోవాలనిపించింది. రాస్ అల్ ఖైమా దగ్గర అల్ జజీరా అల్ హమ్రా అనే పాత ముత్యాల ఊరు ఉంది. జనం 1968లో ఖాళీ చేసి వెళ్ళారు. ఇళ్ళు అలాగే ఉన్నాయి. పక్కనే మెరీనా ఉంది కాబట్టి పడవ కట్టి నడిచే వెళ్ళాం. గోడలు సముద్రపు పగడపు రాళ్ళతో కట్టినవి. దగ్గరగా చూస్తే రాయిలో చిన్న చిన్న నక్షత్రాల్లాంటి గుర్తులు కనిపిస్తాయి. ఒక వాకిట్లో నిలబడ్డాం. ఎండాకాలం ఊరు నడిపింది ఆడవాళ్ళే. పిల్లలు, ముసలివాళ్ళు, మేకలు, నీళ్ళు, అప్పులవాళ్ళు, అన్నీ వాళ్ళ మీదే.

మా ఆయన ఒక గుమ్మం మీద కూర్చున్నారు. "ఆరేళ్ళుగా నేను ఈ పని చేస్తున్నాను" అన్నారు. తప్పుల్లేని తెలుగు వాక్యం. దిద్దడానికి ఏమీ లేదు. అమ్మను ఆసుపత్రికి తిప్పడం, పైకప్పు కారితే ఎక్కి చూడడం, రాత్రి ఎనిమిదికి ఫోన్ దగ్గర కూర్చోవడం ఆయన ఎప్పుడూ ఏకరువు పెట్టలేదు. ఆ వాకిట్లో ఒక్కొక్కటీ చెప్పారు. నేను విన్నాను.

ఇదే రాస్ అల్ ఖైమా ప్రాంతంలో, జుల్ఫార్ అనే పాత రేవులో, ఇబ్న్ మాజిద్ అనే నావికుడు 15వ శతాబ్దంలో పుట్టాడు. నక్షత్రాలు చూసి ఓడ నడపడం గురించి గ్రంథాలు రాశాడు. వాస్కోడగామాకు భారతదేశం దారి చూపింది ఇతనేనని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పుడు చాలామంది చరిత్రకారులు దాన్ని నమ్మరు. 1497 క్రిస్మస్ నాడు మన తీరానికి నటాల్ అని పేరు పెట్టినవాడు ఆ గామాయే. దారి ఎవరు చూపితేనేం, మన పేరు అలా వచ్చింది.

తిరుగు ప్రయాణం గాలికి ఎదురు. ఎక్కువభాగం ఇంజను మీదే వచ్చాం, ఐదు రోజుల్లో. చెప్పుకోదగిన విశేషాలు లేవు. ఇంజను చప్పుడులో మాటలు కుదరవు కాబట్టి నేను ఓడల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. దాదాపు ఐదు వారాలు. 1911 వరకు అలా 1,52,000 మందికి పైగా వచ్చారు. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికి ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా ఉంటాయి. మా ముత్తవ్వ ఒంటరిగా ఓడ ఎక్కి, పెళ్ళయినదానిగా దిగిందని ఇంట్లో చెబుతారు. ఓడలో నీళ్ళు కొలిచి పోసేవారు. ఆ కొలతలో సగం ఇంకొకరికి ఇచ్చి ఉంటే అది ఎలాంటి పెళ్ళో నాకిప్పుడు కొంచెం తెలుసు. జాబితాలో దానికి గడి లేదు.

దుబాయ్ దాటాక ఇంజను ఆపి కాసేపు తెరచాప మీద వచ్చాం. అప్పుడు ఆయనే అడిగారు, ఇంగ్లీషులో.

"ఇంకో రెండేళ్ళా?"

"ఒక ఏడాది అడుగుతాను. ఇవ్వకపోతే జూలైలో వచ్చేస్తాను."

ఆయన చాలాసేపు చుక్కాని చూసుకుంటూ ఉన్నారు. తర్వాత, "ఆ ఏడాదిలో మూడు నెలలు నేనొస్తాను. అమ్మ దగ్గర తమ్ముణ్ణి ఉండమంటాను. వాడూ కొడుకే కదా" అన్నారు. ఆ మాట ఆరేళ్ళలో మొదటిసారి విన్నాను.

అబుధాబిలో పడవ కట్టి, మంచినీటి పైపుతో ఉప్పంతా కడిగాం. మోకులు చుట్టి ఎండలో పెట్టాం. బడివాళ్ళు రెండు వారాల తర్వాత ఒక ఏడాదికి ఒప్పుకున్నారు. అంతర్వేది అబ్బాయి నంబరు నా దగ్గర ఉంది. ఆదివారాలు మెసేజ్ పెడతాడు, నా తెలుగు తప్పులు దిద్దుతాడు. ట్యాంకు మూత తీసి చూస్తే పదకొండు లీటర్లు మిగిలాయి. ఆయన వాటితో తలస్నానం చేశారు.